నూరు గ్రాములు

మన గ్రామములలో కాటా నెరుగనివారు లేరు. కల్లములో ధాన్యపు బస్తాలు తూచునప్పుడును, ప్రొద్దు క్రుంకు వేళ పత్తిచేని గట్టున కూలీలు తమ మూటలు తెచ్చి వరుసగా నిలిచినప్పుడును అందరి కన్నులు ఆ ముల్లు మీదనే యుండును. ముల్లు ఎక్కడ నిలిచిన అక్కడికి ఒప్పుకొని యిండ్లకు పోవుదుము. కాటా అబద్ధమాడనంతవరకు దానితో మనకు తగవు లేదు. తేమ యనియు తాలు యనియు తరుగు తీయు చేతితోనే మన తగవంతయు.

2024 ఆగస్టు 7వ తేది ఉదయమున పారిసు పట్టణములో ఒక స్త్రీ కాటా నెక్కెను. ఆమె హర్యానా రాష్ట్రములోని బలాలి గ్రామమున పుట్టిన వినేశ్ ఫోగట్ అను కుస్తీ క్రీడాకారిణి. ఆ సాయంత్రము ఒలింపిక్సు ఫైనలులో అమెరికా దేశపు సారా హిల్డెబ్రాంట్‌తో ఆమె తలపడవలసియుండెను. ఆమె దిగిన తరగతి 50 కిలోలది. కాటా 50 కిలోల 100 గ్రాములు చూపెను. అంతటితో ఆమె పోటీనుండి తొలగింపబడెను. అది మాత్రమే కాదు. ముందటి దినమున ఆమె గెలిచిన మూడు కుస్తీలును లెక్కలోనికి రాక, ఆ తరగతిలో అందరికంటె చివరి స్థానము ఆమెకు వ్రాయబడెను.

ఆ వారము ఆరాధన ముగిసిన తరువాత మా గుడి యెదుటి వేపచెట్టు క్రింద ఇదే మాట. పడుచువాండ్రు అన్యాయమనిరి. కొందరు కుట్ర యనిరి. కుట్రకు సాక్ష్యమేమియు లేదు గనుక ఆ మాటను అక్కడనే ఆపితిమి. స్త్రీలు కుస్తీ పట్టుట తగునా అని యడిగినవారును ఉండిరి. ఎరువు బస్తా నెత్తిన పెట్టుకొని గట్లు దాటు స్త్రీల మధ్య నిలిచి ఆ ప్రశ్న యడుగుటకు కొంత ధైర్యము కావలెను, దానిని విడిచిపెట్టుచున్నాము. అప్పుడు సంఘపెద్దలలో ఒకాయన కండువా దులుపుకొని, "నియమం తెలిసే దిగింది గదా. నియమం ప్రకారం పోరాడనివాడికి కిరీటం లేదని పౌలుగారు తిమోతికి రాయలేదా? వంద గ్రాములు వదిలితే రేపు రెండు వందలు వదలమంటారు, ఎల్లుండి కిలో అంటారు" అనెను. దానికి ఎవరును బదులు చెప్పలేకపోయిరి. మాకును ఆ దినమున బదులు తోచలేదు.

అయినను ఆ సంగతి మమ్మును విడువలేదు. నియమము అందరికి తెలిసినదై, దానిని నడిపినవారు పక్షపాతము లేనివారై, తూకము సరియైనదై యుండగా, ఫలితము మాత్రము అన్యాయమై యుండుట సాధ్యమా? సాధ్యమే యైనయెడల ఆ అన్యాయము ఎవరిది? కాటాది కాదు, తూచినవారిది కాదు. మరి యెక్కడ నుండి వచ్చినది?

ఆమె చరిత్ర కొంత చెప్పనిదే ఏమి చెరిపివేయబడెనో పాఠకులకు తెలియదు. ఆమె 1994లో పుట్టెను. చిన్నతనములోనే తండ్రి తుపాకి గుండుకు బలియయ్యెను. తల్లి ఆమెను పెంచెను. పెదతండ్రి మహావీర్ సింగ్ ఫోగట్ తన కుమార్తెలతో పాటు ఆమెకును కుస్తీ నేర్పెను. ఆడపిల్లలను బరిలో దింపుట ఆ ప్రాంతములో ఎవరును చూడనిది. ఊరివారు నవ్విరి, దూషించిరి. జుట్టు పట్టుకు అడ్డము వచ్చునని ఆ పిల్లల వెండ్రుకలు కత్తిరింపించిరి. ఆ యింటి పెద్దకుమార్తె గీత 2010లో ఢిల్లీలో జరిగిన కామన్వెల్తు క్రీడలలో బంగారు పతకము తెచ్చిన తరువాత నవ్వినవారి నోళ్లు మూతపడెను. వినేశ్ అదే క్రీడలలో 2014లో గ్లాస్గోలోను, 2018లో గోల్డుకోస్టులోను, 2022లో బర్మింగ్‌హాములోను వరుసగా మూడుసార్లు బంగారము గెలిచెను. 2018లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకము పొంది, ఆ ఘనత సాధించిన మొదటి భారతీయ కుస్తీ క్రీడాకారిణి యాయెను. ప్రపంచ పోటీలలో రెండు కంచు పతకములు తెచ్చెను.

ఒలింపిక్సు మాత్రము ఆమెను ప్రతిసారి దెబ్బ కొట్టెను. 2016లో రియో నగరములో చైనా దేశపు సున్ యానాన్‌తో పెనుగులాడుచుండగా మోకాలు మెలిపడి, బరినుండి మంచము మీద మోసికొనిపోబడెను. అదే ఒలింపిక్సులో ఆమె తోడి క్రీడాకారిణి సాక్షి మలిక్ కంచు పతకము గెలిచి దేశమునకు సంతోషము తెచ్చుచుండగా ఈమె ఆసుపత్రిలో పడియుండెను. యబ్బోకు రేవునొద్ద తెల్లవారువరకు పెనుగులాడి కుంటుచు వెళ్లిన యాకోబుకు ఆ కుంటు తోడనే ఒక దీవెనయు దొరికెను. ఈమెకు కుంటు మాత్రమే దొరికెను. రెండేండ్లకు జకార్తాలో మొదటి కుస్తీలోనే ఆ సున్ యానాన్‌ను ఓడించినది గనుక ఆమె ఎటువంటి మనిషియో తెలియుచున్నది. 2021లో టోక్యోలో క్వార్టరుఫైనలులో ఓడిపోయెను.

తరువాత 2023వ సంవత్సరము. దేశ కుస్తీ సమాఖ్య అధ్యక్షుడు ఆడపిల్లల యెడల అసభ్యముగా ప్రవర్తించెనని ఆరోపించుచు ఆమెయు సాక్షియు బజరంగ్ పునియాయు ఢిల్లీలో జంతర్ మంతర్ యొద్ద వీధిలో కూర్చుండిరి. ఆయన దానిని నిరాకరించెను. వ్యవహారము న్యాయస్థానమునకు పోయెను. మే 28వ తేదీన పోలీసులు వారిని ఎత్తి బండ్లలో వేసిన చిత్రములు దేశమంతట చూచిరి. ఆ ఆగస్టులోనే మోకాలికి శస్త్రచికిత్స జరిగెను. ఈలోగా ఆమె పోటీచేయుచు వచ్చిన 53 కిలోల తరగతిలో ఒలింపిక్సు స్థానమును ఆమెకంటె చిన్నదైన అంతిమ్ పంఘాల్ సంపాదించెను. మిగిలినది 50 కిలోలది. పారిసు వెళ్లవలెనన్న ఆమె తన దేహమును అందులో ఇమిడించుకొనవలెను. ఇరువది తొమ్మిదేండ్ల వయస్సున, కోతపడిన మోకాలితో, క్రింది తరగతికి దిగుట! ఈ నిర్ణయము ఆమెదే, ఎవరును బలవంతపెట్టలేదు. ఇది పెద్దాయన పక్షమున చెప్పవలసిన మాట గనుక చెప్పుచున్నాము.

ఆగస్టు 6వ తేది ఉదయము ఆమె 49 కిలోల 900 గ్రాములు తూగెను. మొదటి కుస్తీ జపాను దేశపు యుయి సుసాకితో. ఆ సుసాకి అంతవరకు అంతర్జాతీయ పోటీలలో 82 కుస్తీలాడి ఒక్కటియు ఓడనిది. టోక్యోలో ఒక్క పాయింటైనను ఎదుటివారికి ఇయ్యక బంగారము గెలిచినది. చివరి కొన్ని క్షణముల వరకు వినేశ్ 0-2తో వెనుకబడియుండెను. అప్పుడు ఒక్క ఊపున సుసాకిని పడగొట్టి 3-2తో గెలిచెను. పిదప ఉక్రెయిన్ దేశపు ఒక్సానా లివాచ్‌ను 7-5తోను, సెమీఫైనలులో క్యూబా దేశపు యుస్నేలిస్ గుస్మాన్‌ను 5-0తోను ఓడించెను. ఒలింపిక్సు ఫైనలు చేరిన మొదటి భారతీయ కుస్తీ క్రీడాకారిణి ఆమెయే. ఒక్క దినములో ఇంత జరిగెను.

ఇక ఆ రాత్రి. బరువు దించుటయనగా కొవ్వు కరిగించుట కాదు. ఒక్క రాత్రిలో కొవ్వు కరుగదు. ఒంటిలోని నీటిని పిండుటయే. తిండి మాని, నీళ్లు మాని, ఆవిరిగదిలో కూర్చుండి, మందపు బట్టలు కట్టుకొని పరుగెత్తి చెమట కార్పించుట. కాటా దిగిన తరువాత బలము కొరకు తిందురు, త్రాగుదురు. మరల ఆ బరువు తిరిగివచ్చును. మూడు కుస్తీలు ముగిసిన సాయంత్రము ఆమె 2 కిలోల 700 గ్రాములు అధికముగా ఉండెను. రాత్రంతయు నిద్రలేక చెమటోడ్చెను. చివరకు జుట్టు కత్తిరించిరి, తొడుగుకొను బట్టను కురుచ చేసిరి. చిన్నతనమున పట్టుకొరకు కత్తిరింపబడిన జుట్టు ఇప్పుడు తూకము కొరకు కత్తిరింపబడెను. అయినను నూరు గ్రాములు మిగిలెను. నూరు గ్రాములనగా చిన్న గ్లాసెడు నీళ్లు. స్త్రీ దేహధర్మమును బట్టి కొన్ని దినములలో ఒంటిలో నీరు నిలుచునను సంగతిని ఆమె పక్షమువారు తరువాత న్యాయాధికారి యెదుట చెప్పుకొనిరి. ఎండకాలమున బావిగట్టున మన స్త్రీలు ఒక్క గుటకలో త్రాగు నీటి కొలత అది.

ఇంత కఠిన నియమమేల అని యడుగుట సహజము. న్యాయముగా చెప్పవలెనన్న అది దయతోనే పుట్టెను. 1997 చివరి నెలలలో అమెరికాలో కొద్ది వారముల లోపల ముగ్గురు కళాశాల విద్యార్థులు కుస్తీపోటీకై బరువు దించుకొను ప్రయత్నములో మరణించిరి. ముందటి సాయంత్రము ఒక్కసారి తూచి విడిచిపెట్టినయెడల కుర్రవాండ్రు ప్రాణాపాయము వరకు ఎండి, రాత్రికి రాత్రి మరల ఉబ్బి, తమకంటె చిన్నవారి మీద పడుదురు. కావున 2018 మొదలుకొని ప్రపంచ కుస్తీ సమాఖ్య పోటీని రెండు దినములు చేసి, రెండు ఉదయములును తూచవలెనని విధించెను. మరునాడును తూగవలసినవాడు ఎక్కువ ఎండడు, ఎక్కువ ఉబ్బడు అని దాని తలంపు. తలంపు మంచిదే. కాని మనుష్యులు ఒకసారికి బదులు రెండుసార్లు ఎండుచున్నారు. విశ్రాంతిదినము మనుష్యుని కొరకే గాని మనుష్యుడు దాని కొరకు కాదని బోధించిన ప్రభువు, మేలుకొరకు పుట్టిన ఆజ్ఞ మోయలేని బరువగుట బాగుగా ఎరిగియుండెను.

ఇప్పుడు పెద్దాయన మాటను సగము గాక పూర్తిగా తూచుదము. ద్వితీయోపదేశకాండములో సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు ఉంచుకొనకూడదను ఆజ్ఞ యున్నది. వినేశ్ మన దేశపు బిడ్డయని మనకొక చిన్నరాయి, క్యూబా బిడ్డకొక పెద్దరాయి పెట్టుకొందుమా? ఆ తరగతిలోని తక్కినవారును ఆకలిగొనిరి, వారును నీళ్లు మానిరి. కొన్ని దినములకే మన దేశపు అమన్ సెహ్రావత్ సెమీఫైనలులో ఓడిన రాత్రి పది గంటలలో 4 కిలోల 600 గ్రాములు దించి, కాటాకు సరిపడి, కంచు పతకము తెచ్చెను. అతడు దించగలిగెను, ఆమె దించలేకపోయెను. 50 కిలోల 100 గ్రాములతో ఆమెను ఫైనలులో నిలువబెట్టినయెడల హిల్డెబ్రాంట్ మాకు చెప్పిన నియమమేమి, మీరు చేసినదేమి అని యడుగదా? ఆ యుదయమున ఆమెను బరిలోనికి రానియ్యకపోవుట న్యాయమే. మేము ఇట్లనుట మా పడుచువాండ్రకు నచ్చలేదు, ఇప్పటికిని నచ్చలేదు.

కాని తగవు అక్కడ ముగియలేదు. దానిని ముందుకు నడిపినది పండితులెవరును కారు. మా సంఘములో పత్తి తీతకు పోవు ఒక విధవరాలు ఉన్నది. చదువురాదు, మాట తక్కువ. ఆ శీతకాలమున చేని గట్టున ఆమె మూట తూచుచుండగా మేమక్కడ నిలిచియుంటిమి. కిలోకు ఇంతయని కూలి. ఆమె మమ్మును చూచి, "అయ్యగారూ, ఆ పిల్ల సంగతి నాకింకా అర్థం కాలేదండీ. ఇయ్యాల నా మూట తక్కువ తూగితే ఇయ్యాల కూలి తగ్గిస్తారు, సరే. నిన్న తీసిన పత్తి డబ్బులు కూడా లాక్కుంటారా? నిన్న నేను చేలోకే రాలేదని రాసుకుంటారా?" అనెను.

మేము బదులు చెప్పలేదు. మూట దించి ఆమె వెళ్లిపోయెను. ఇంటికి వచ్చు దారిపొడుగున ఆ మాటయే. పెద్దాయన చెప్పినదియు సత్యమే, ఈమె చెప్పినదియు సత్యమే. ఏలయనగా వారిద్దరును వేర్వేరు సంగతులను గూర్చి మాటలాడిరి. కాటా ఒక్క ప్రశ్నకే బదులియ్యగలదు: ఈ ఉదయమున ఈ దేహము ఎంత తూగుచున్నది? దానికి అది సత్యమే చెప్పెను. అయితే నియమము ఆ కాటా నోట మరియొక మాట పలికించెను: నిన్న ఈమె ఎవరిని ఓడించలేదు. ఇది సత్యము కాదు. నిన్నటి ఉదయము ఆమె 49 కిలోల 900 గ్రాములే తూగెను. నిన్నటి మూడు కుస్తీలును నియమము లోపలనే జరిగెను. సుసాకి వెల్లకిలపడుటను లోకమంతయు చూచెను.

ఇందులో ఇంకొక చిత్రము కలదు. ఫైనలు చేరినవారి చేతిలో ఓడినవారికి కంచు పతకము కొరకు మరియొక అవకాశమిచ్చుట కుస్తీ పద్ధతి. వినేశ్ తొలగింపబడగా ఆమె చేతిలో సెమీఫైనలు ఓడిన గుస్మాన్‌ను ఫైనలులోనికి తీసికొనిరి. ఆమె చేతిలో ముందుగా ఓడిన సుసాకిని, లివాచ్‌ను కంచు పతకము కొరకు తలపడనిచ్చిరి, సుసాకి గెలిచెను. వారు మువ్వురును గొప్ప క్రీడాకారిణులే, వారి పతకములను మేము తప్పుపట్టము. కాని చూడుడి: సుసాకియు లివాచ్‌యు ఆ స్థలమునకు వచ్చుటకు ఆధారము వారు ఫైనలు చేరిన వినేశ్ చేతిలో ఓడుటయే. ఇతరులకు త్రోవ చూపుటకు ఆ గెలుపులు ఉన్నవి. ఆమె పేరున వ్రాయుటకు మాత్రము లేవు.

కాటాను మరియొక విధముగా వాడవచ్చుననుటకు దూరము పోనక్కరలేదు. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో పుట్టి, పెండ్లియైన తరువాత హర్యానాలోనే స్థిరపడిన కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో 110యు 130యు కలిపి 240 కిలోలెత్తి కంచు పతకము పొందెను. ఒలింపిక్సు పతకము తెచ్చిన మొదటి భారతస్త్రీ మన తెలుగింటి ఆడపడుచే. ఆనాడు ఆమెకంటె పైన నిలిచిన ఇద్దరు, చైనా దేశపు లిన్ వైనింగ్‌యు హంగరీ దేశపు ఎర్జెబెత్ మార్కుష్‌యు, సమానముగా 242న్నర కిలోలెత్తిరి. ఎవరు మొదట అని తేల్చుటకు వారి దేహముల బరువు చూచిరి. లిన్ తేలికగా నుండెను గనుక బంగారము ఆమెది, వెండి మార్కుష్‌ది. అక్కడను కాటాయే తీర్పరి. ఆ తీర్పు మార్కుష్‌కు చేదుగానే యుండియుండును. అయినను ఆమె ఎత్తిన ఇనుము ఎత్తలేదని ఎవరును వ్రాయలేదు.

పారిసు తీర్పు మీద వినేశ్ క్రీడల న్యాయస్థానమునకు పోయెను. బంగారము అడుగలేదు, గుస్మాన్‌తో పాటు వెండిలో పాలిమ్మని అడిగెను. ఆగస్టు 14వ తేదీన ఆస్ట్రేలియా దేశస్థురాలైన న్యాయాధికారిణి అనబెల్ బెనెట్ ఆ మనవిని త్రోసివేసెను. వినేశ్ మోసమేమియు చేయలేదని ఆమె ఒప్పుకొనెను. నియమము స్పష్టముగా నున్నది గనుక దానిని మార్చుటకు తనకు అధికారము లేదనెను. ఆమెను నిందింపలేము. ఉన్న నియమమును చదువువాడు న్యాయాధిపతి. నియమమును వ్రాయువారు వేరు. కల్లములో తూకము వేయు కుర్రవానితో తరుగును గూర్చి పోట్లాడిన లాభమేమి? తరుగు ఎంతయో నిర్ణయించినవాడు ఆ ఎండలోనికి రాడు. పత్తిచేని గట్టున అడుగబడిన ప్రశ్న నిజముగా చేరవలసినది నియమము వ్రాసినవారి బల్లయొద్దకు. కాటా ఉండవలెను, రెండు ఉదయములును ఉండవలెను. ఎక్కువ తూగినవారు ఆ దినమున బరిలోనికి రాకూడదు. అయితే నిన్న గెలిచినది నిన్నటిదిగా నిలువవలెను. మాకు తోచినంతలో న్యాయము ఇది.

ఈ సంగతి ఇంత పొడుగున వ్రాయుటకు వేరొక కారణము కలదు. అది చెప్పుట మాకు సులభము కాదు.

కొన్నేండ్ల క్రిందట ఒక సంఘములో స్త్రీల సమాజపు డబ్బులు చూచు ఒక సహోదరి యుండెను. పదునెనిమిదేండ్లు ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు పాఠము చెప్పినది. ఒక కోతపండుగ కానుకల లెక్కలో 640 రూపాయలు తగ్గెను. మనుమనికి జ్వరము వచ్చిన రాత్రి మందులకు తీసితినని తానే ఒప్పుకొని, నెల తిరుగక ముందే కట్టివేసెను. కమిటీ ఆమెను లెక్కల పనినుండి తప్పించెను. అది సరియే, మరల అట్టిది జరిగినను మేము అట్లే చేయుదుము. తరువాతి సంవత్సరము ఆ సంఘపు డెబ్బదియైదవ వార్షికోత్సవమునకు చరిత్ర పుస్తకము అచ్చువేసిరి. ఆదివారపు బడిలో బోధించినవారి పట్టికలో ఆమె పేరు ఉండవలెనా యను మాట వచ్చినప్పుడు, నియమము నియమమేనని ఒకరనిరి. తక్కినవారు మౌనముగా నుండిరి. పేరు తీసివేసిరి. పదునెనిమిదేండ్ల ఆదివారములు అట్లు పోయెను. ఆ బల్లయొద్ద మౌనముగా కూర్చున్నవారిలో మేమును ఉంటిమి.

లెక్క తగ్గినమాట నిజము. ఆమె పాఠము చెప్పినమాటయు నిజము. మొదటి నిజముతో రెండవ నిజమును చెరిపివేయు అధికారము మాకెవరిచ్చిరో ఆ దినమున మాలో ఎవరును అడుగలేదు. ఆమె దగ్గర పది ఆజ్ఞలు నేర్చుకొన్నవారే ఇప్పుడు ఆ కమిటీలో ఇద్దరున్నారు.

వినేశ్ 2024 ఆగస్టు 8వ తేదీన కుస్తీ మానుచున్నానని ప్రకటించెను. ఆ అక్టోబరులో తన రాష్ట్రములో జులానా నుండి శాసనసభకు ఎన్నికయ్యెను. 2025లో ఒక కుమారునికి తల్లి యాయెను. ఆ సంవత్సరము డిసెంబరులో మరల బరిలోనికి దిగుదునని, 2028 ఒలింపిక్సు తన గురియని తెలియజేసెను. దిగినయెడల మరల ఆ కాటాయే ఎక్కవలెను.

ఆ చరిత్ర పుస్తకము ప్రతులు గుడి బీరువాలో ఇంకను కొన్ని మిగిలియున్నవి. పట్టికలో ఆ పేరును చేతితోనైనను వ్రాసి యుంచవలెనని మేము వచ్చే కమిటీలో మనవి చేయనున్నాము. ఆ సహోదరి ఇప్పుడు వేరొక ఊరిలో కుమార్తె యింట నున్నది. కన్నులు సరిగా కనబడవట. పుస్తకము పట్టుకొనిపోయి ఆ పుట మీద ఆమె వ్రేలు పెట్టి చూపవలసియుండును.